జాకెట్టు కుట్లు విప్పే ముందు

చెల్లెమ్మలూ, మీ పెళ్లినాటి జాకెట్టు బీరువా అడుగున ఎక్కడో ఉండే ఉంటుంది. ఒకసారి తీసి తిరగేసి చూడండి. పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డయినా మడిచి వదిలి ఉంటుంది. మన టైలర్లకి ఆ ముందుచూపు ఎవరూ నేర్పక్కర్లేదు. పిల్ల ఇవాళ రివటలా ఉన్నా రేపు ఒళ్లు చేస్తుంది, అప్పుడొక కుట్టు విప్పుకుంటే సరిపోతుందని వాళ్ల లెక్క.

ఆ కుట్లు విప్పడమే ఇక్కడ నా బతుకుతెరువు అనుకోండి. లండన్ పడమటి కొసన, హీత్రూ విమానాలు ఇంటి పెంకులు రాసుకుంటూ పోతాయా అన్నట్టుండే హౌన్స్‌లోలో, ముందు గదిలో మిషను వేసుకుని 22 ఏళ్లుగా కుడుతున్నాను. కొత్త జాకెట్లకంటే పాతవి వదులు చెయ్యమని వచ్చేవే ఎక్కువ. ఊరినుంచి దిగిన రెండో ఏడు ఒక కుట్టు, నాలుగో ఏడు ఇంకో కుట్టు. భుజాలు మారవు, చేతులూ పెద్దగా మారవు. మార్పంతా అడుగు పట్టీ దగ్గరే, పొట్ట మొదలయ్యే చోటే. ఈ సంగతి మిషను ముందు కూచున్న ఏడాదికే నాకు తెలిసిపోయింది. ఎందుకో తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

పోయిన ఏడాది గుంటూరు అమ్మాయి ఒకతె సీమంతానికి జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. 31 ఏళ్లుంటాయి. ఐదడుగుల రెండంగుళాల మనిషి, కడుపుతో లేనప్పుడు 56 కిలోలట. నేను కొలతలు తీస్తుంటే కళ్లనిండా నీళ్లు.

"షుగరు వచ్చిందన్నారు ఆంటీ. నేను లావుగా లేను కదా! స్వీట్లు కూడా పెద్దగా తినను. వాళ్ల పరీక్షే తప్పేమో?"

కూచోబెట్టి మజ్జిగ ఇచ్చాను. "తప్పు కాదు తల్లీ. మొదట్లో ఒక ఫారం నింపావు చూడు, అందులో ఇండియన్ అన్న గడిలో టిక్కు పెట్టావు. నీకీ పరీక్ష రాయించింది ఆ టిక్కే" అన్నాను.

ఇక్కడ కడుపుతో ఉన్నవాళ్లలో మన దేశాల మూలం ఉన్నవాళ్లకి, లావున్నా సన్నగా ఉన్నా, ఇరవై నాలుగో వారానికీ ఇరవై ఎనిమిదో వారానికీ మధ్య గ్లూకోజు నీళ్లు తాగించి పరీక్ష చేస్తారు. పక్కింటి తెల్లమ్మాయికి బరువో, ఇంట్లో షుగరో, ముందటి కానుపులో ఇబ్బందో, అలాంటి కారణం ఏదైనా ఉంటేనే చేస్తారు. ఇదేం వివక్ష అని గుంటూరు పిల్ల మొగుడికి కోపం వచ్చిందట. మా ఆయనకీ మొదట్లో వచ్చింది. "అక్కడ ఏ కులమని అడిగితే విసుగొచ్చి ఇక్కడికొచ్చాం, ఇక్కడ వీళ్లు ఏ జాతి అంటున్నారు, ఇంకెక్కడికి పోవాలే?" అని ఫారం విసిరికొట్టారు. ఈ దేశపు జనాభా లెక్కల్లో కూడా ఆ ప్రశ్న 1991లో కానీ రాలేదు. నేనూ నాలుగైదేళ్లు ఆ గడి ఖాళీగానే వదిలేశాను. ఇప్పుడు మాత్రం గట్టిగా నొక్కి మరీ టిక్కు పెడతాను.

ఆ గడి వెనకాల మా పక్కూరి కథ ఒకటుంది. మునక్కాయలకీ, కరివేపాకుకీ బస్సెక్కి నేను సౌతాల్ వెళ్తుంటాను. వీధి పొడుగునా పంజాబీ దుకాణాలు, జిలేబీ మూకుళ్లు, నగల అద్దాలు. ఆ ఊళ్లోనే 1980లలో డాక్టర్లు ఇల్లిల్లూ తిరిగి షుగరు ఉన్నవాళ్లెందరో లెక్క తీశారు. 1985లో ఆ లెక్క అచ్చయింది. తెల్లవాళ్లలోకంటే మనవాళ్లలో షుగరు దాదాపు నాలుగింతలు! తర్వాత పాల్ మెక్‌కీగ్, మైకెల్ మార్మట్ అనే డాక్టర్లు లండన్‌లో ఇంకా లోతైన పరిశీలన చేసి 1991లో బయటపెట్టారు. 40 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లని చూస్తే మనవాళ్లలో నూటికి 19 మందికి షుగరు, తెల్లవాళ్లలో నలుగురికే.

అక్కడే వాళ్లకి టేపు అవసరం పడింది. తూకం వేస్తే రెండు జట్లకీ పెద్ద తేడా కనిపించలేదు. నడుమూ పిరుదులూ కొలిచి ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే అప్పుడు బయటపడింది. మనవాళ్ల కొవ్వు నడుం చుట్టూ, పొట్ట లోపల చేరుతోంది. నా మిషను ఏళ్ల తరబడి చెబుతున్నదీ అదే కదా అనిపించింది, ఈ సంగతి చదివిన రోజు.

ఒక్క మాట అననివ్వండి. ఆ పరిశీలనలో మగవాళ్లు 3,193 మంది, ఆడవాళ్లు 561 మంది. ఎక్కువమందిని ఫ్యాక్టరీల్లోంచీ డాక్టర్ల దగ్గరుండే పేర్ల జాబితాల్లోంచీ పిలిచారు మరి. ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి, అందరూ తిన్నాక మిగిలినది పారెయ్యలేక తినే మనిషిని ఎవరు లెక్కపెట్టారు చెప్పండి? మన నడుముల గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం మగవాళ్ల నడుములు కొలిచి చెప్పిందే.

సరే, నడుము దగ్గరే ఎందుకు? డాక్టర్లు చెప్పే వివరణల్లో ఒకటి నాకు ఇల్లు సర్దుకునే మాటలా అర్థమైంది. తిన్నదాంట్లో మిగిలినదాన్ని ఒళ్లు చర్మం కింద కొవ్వుగా దాస్తుంది. అది అటకలాంటిది. అక్కడ సామాను ఎంతున్నా ఇంటి పనికి అడ్డం రాదు. మన అటక చిన్నది. తొందరగా నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చే మూటలన్నీ వంటింట్లోకి దిగుతాయి, అంటే కాలేయంలోకీ, పేగుల చుట్టూరా. అక్కడ ఇన్సులిన్ అనే మనిషి తిరగడానికే చోటుండదు. ఇక పని ఎలా జరుగుతుంది? పైగా మనకి కండ తక్కువ. రక్తంలోని చక్కెరని ఎక్కువగా వాడుకునేది కండే.

ఇది ఇంగ్లండు చలికి వచ్చిన జబ్బు కాదు సుమా. పుణెలో యాజ్ఞిక్ అనే డాక్టరుగారు పుట్టిన పిల్లల్ని కొలిచారు. అక్కడి బిడ్డలు సగటున 2.7 కిలోలు, ఇక్కడి సౌతాంప్టన్ బిడ్డలు 3.5 కిలోలు. మన బిడ్డ చిన్నది, కండ తక్కువ, పొట్ట చిన్నది, కానీ కొవ్వు మాత్రం బరువు తగ్గినంతగా తగ్గలేదు. ఆయనే 2004లో తన ఫొటో, లండన్‌లోని తన స్నేహితుడు యడ్కిన్ ఫొటో పక్కపక్కనే వేసి ఒక వైద్య పత్రికకి ఇచ్చారు. ఎత్తుకి తగ్గ బరువు లెక్క ఇద్దరిదీ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే తెల్లాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. ఒకే తూకం మీద నిలబడ్డ ఇద్దరు పెద్దమనుషులు, లోపల మాత్రం ఒకరికి ఇంకొకరి రెండింతలు పైన! ఆ ఫొటో మా ఆయనకి చూపిస్తే పొట్ట లోపలికి పీల్చుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయారు.

అందుకే 25 దాటితే లావు అనే తెల్లవాళ్ల లెక్క మనకి సరిపోదని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు అన్నారు. మన ఆసియావాళ్లం 23 దగ్గరే జాగ్రత్త పడాలన్నారు. అమెరికా మధుమేహ సంఘం 2015లో అదే మాటంది. గుంటూరు పిల్లది లెక్క కడితే 22న్నర చిల్లర. ఆ 23 కూడా ఆమెని పట్టుకోలేదు! నా టేపుకి ఎక్కువ విలువిస్తానంటే మరి ఇందుకే. ఆడవాళ్లకి నడుము 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. మగవాళ్లకి 90. అది దాటితే పరీక్ష చేయించుకోవాలి. ఇది గుర్తుండకపోతే, నడుము ఎత్తులో సగం దాటకూడదు అన్న లెక్క పెట్టుకోండి. లంగా బొందు కట్టేచోట కాకుండా, అడుగు పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో కొలవాలి. ఊపిరి వదిలి కొలవాలి. బిగబట్టి కొలిస్తే నా దగ్గరికి మళ్లీ కుట్లు విప్పించుకోవడానికే వస్తారు.

ఇప్పుడు మా చెల్లి కథ చెప్పాలి. మా చెల్లి తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే చారు తాగి పెరిగాం. "అదంతా మీ ఫారిన్ జబ్బులక్కా, మాకేం?" అంటుంది ఫోనులో. దానికి నేను చెప్పింది అక్కాచెల్లెళ్ల, అన్నదమ్ముల పరిశీలనల గురించి. పరిశోధకులు ఎన్నో చేస్తారు గానీ ఇంత ఇంటిమనిషి ఆలోచన ఇంకెవరికీ వచ్చి ఉండదు. మా పడమటి లండన్‌లో ఉన్న పంజాబీలని తీసుకుని, పంజాబ్‌లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులని వెతికి పట్టుకున్నారు. 1995లో అది అచ్చయింది. ఇటొచ్చినవాళ్ల బరువు, బీపీ, కొలెస్ట్రాల్, పరగడుపు షుగరు అన్నీ అక్కడివాళ్లకంటే ఎక్కువ. కానీ లైపోప్రొటీన్-ఎ అని గుండెకి చేటు చేసే కొవ్వు ఒకటుంది. అది మాత్రం అటూ ఇటూ సమానం, తెల్లవాళ్లకంటే ఎక్కువ. అంటే పుట్టింటి నుంచి కొంత తెచ్చుకున్నాం, అత్తింట్లో కొంత కలుపుకున్నాం.

"నేను పుట్టింట్లోనే ఉన్నాగా మరి" అంది చెల్లి.

"నీ కొడుకు హైదరాబాదులో ఉన్నాడుగా" అన్నాను.

సముద్రం దాటక్కర్లేదని తేల్చిన పరిశీలన ఒకటుంది. హైదరాబాదు, నాగపూర్, బెంగళూరు, లక్నో ఫ్యాక్టరీల్లో పనికి పల్లెలనుంచి వచ్చినవాళ్లనీ, పల్లెల్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులనీ పోల్చి 2010లో చెప్పారు. మగవాళ్ల లెక్కలో పల్లెలో ఉన్నవాళ్లకి షుగరు నూటికి 6 మందికి, పట్నం వచ్చినవాళ్లకి 14 మందికి. పట్నంలోనే పుట్టి పెరిగినవాళ్లకీ ఇంచుమించు అంతే. అంతకుముందు 2000లో ఆరు మహానగరాల్లో షుగరు లెక్క తీస్తే అన్నిటికంటే పైన నిలిచింది మన హైదరాబాదే, 16.6 శాతం. బొంబాయి 9.3తో అన్నిటికంటే కింద ఉంది. బిర్యానీని ఆడిపోసుకోకండి, కూర్చుని చేసే ఉద్యోగాలకీ, ఆఫీసునుంచి ఇంటికి బండిమీదే రావడానికీ కూడా వాటా ఉంది.

ఇంకో సంగతి. ఈ ఫారం గడుల్లో నాకు నచ్చనిదొకటుంది. డాక్టర్లు మాట్లాడేటప్పుడు సౌత్ ఏషియన్ అని మనందరినీ ఒకే సంచీలో వేసేస్తారు. మా సందులోనే చూడండి, పంజాబీలు, గుజరాతీలు, సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశీలు, సింహళీలు, మనమూ. వంటింటి వాసన ఒక్కటి కాదు, జబ్బులు ఒక్కటెలా అవుతాయి? న్యూకాజిల్‌లో రాజ్ భోపాల్ అనే డాక్టరు ఈ సంచీ విప్పి చూపించారు. 1999లో అచ్చయిన లెక్క ప్రకారం అక్కడి బంగ్లాదేశీ మగవాళ్లలో సగానికి పైగా పొగ తాగేవాళ్లు. మన ఇండియన్లలో ఏడుగురిలో ఒకడు. రెండూ కలిపి సగటు తీస్తే వచ్చేది ఎవరి బతుకూ కాదు. రెస్టారెంట్లలో అర్ధరాత్రి దాకా నిలబడే వాళ్లకీ, కంప్యూటరు ముందు కూచునే మన ఐటీ పిల్లలకీ గుండెపోటు వచ్చే దారులే వేరు. డబ్బు దారి కూడా వేరే. దాన్ని గడిలో రాయరు.

అన్నీ మనకే ఎక్కువనీ కాదు. రొమ్ము క్యాన్సరు ఇక్కడి తెల్లవాళ్లకంటే మన ఆడవాళ్లలో తక్కువ. అలాగని పరీక్షకి పిలుస్తూ వచ్చే ఉత్తరం చించెయ్యకండి, నాకు తెలిసి మన సందుల్లో ఎక్కువగా చెత్తబుట్టలో పడే ఉత్తరం అదే.

తప్పంతా మన తిండి మీద తోసెయ్యడం నాకు ఒళ్లు మంట. ఒక పాత ముచ్చట చెబుతాను. 1962లో డన్నిగన్ అనే డాక్టరు గ్లాస్గోలో పాకిస్తానీ ఇళ్లలో ఎముకలు మెత్తబడి వంగిపోయిన పిల్లల గురించి రాశాడు. ఎండ చాలక, విటమిన్ డి అందక వచ్చే రికెట్స్ అది. 1981లో దేశమంతా ఒక ప్రచారం నడిపారు. అందులో మన బట్టలూ మన చపాతీలూ దోషులయ్యాయి. ఇంగ్లీషువాళ్ల పిల్లల ఎముకలు వంగిన రోజుల్లో ప్రభుత్వం వాళ్ల మార్జరీన్‌లో విటమిన్ కలిపించింది. మన పిల్లల దగ్గరికొచ్చేసరికి, చపాతీ పిండిలో కలపమంటే కలపలేదు, మీరే మారండన్నారు! ఇప్పటికీ ఒంటి ఛాయ ముదురుగా ఉన్నవాళ్లం ఏడాది పొడుగునా రోజుకి పది మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలని చెబుతూనే ఉన్నారు. వేసుకోండి. కోపం కోపమే, మాత్ర మాత్రే.

మారిషస్‌లో ఇంకోలా జరిగింది. అక్కడ మన తెలుగువాళ్లు ఎందరో. చెరకు తోటల పనికి ఓడలెక్కి పోయినవాళ్ల మునిమనవలు. కోరంగి రేవునుంచి పోయారు కాబట్టి ఆ పేరే తెలుగువాళ్లకి పేరైపోయింది. ఉగాదికి ఈనాటికీ దేశమంతా సెలవు. 1987లో అక్కడ పరీక్షలు చేస్తే హిందువులు, ముసల్మానులు, ఆఫ్రికా సంతతివాళ్లు, చైనావాళ్లు అందరిలోనూ షుగరు ఇంచుమించు ఒకేలా, చాలా ఎక్కువగా కనిపించింది. మరి రక్తానిదే తప్పంతా అని ఎలా అంటాం? ప్రభుత్వం ఇంటింటికీ వెళ్లి మీ వంట మార్చుకోండని ఉపన్యాసాలిచ్చి ఊరుకోలేదు. రేషను నూనెలో ఎక్కువగా ఉండే పామాయిల్ తీసేసి సోయా నూనె పోయించింది. ఐదేళ్లలో జనం సగటు కొలెస్ట్రాల్ 14 శాతం దాకా పడిపోయింది. ఏ అత్తగారికీ ఏ కోడలూ సంజాయిషీ చెప్పుకోలేదు. షుగరు మాత్రం దిగలేదు, అది నూనె డబ్బాతో పోయేది కాదు.

జాతి అనే మాట పక్కనపెట్టి ఇంటిగుట్టు ఒకటి అడుగుతాను. ఆపరేషను అయ్యాక మీ ఇంట్లో ఎవరికైనా మత్తు దిగి ఊపిరి సొంతంగా తీసుకోవడానికి గంటలు పట్టిందా? మన ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువగా ఉంటుంది. మామూలుగా తిరిగేటప్పుడు దానివల్ల ఏ ఇబ్బందీ లేదు, జబ్బే కాదది. కానీ కండరాలు వదులవడానికి మత్తు డాక్టర్లు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు, మిగతావాళ్లలో నిమిషాల్లో విరిగిపోయేది, వీళ్లలో గంటలకొద్దీ ఉండిపోతుంది. అంతసేపూ మిషను మీదే ఊపిరి. తరతరాలుగా మనలో మనమే పిల్లనిచ్చి పుచ్చుకోవడం వల్ల పాత తాత ఎవరిదో ఒక మార్పు అలా నిలిచిపోయింది. ఇక్కడి ఫారంలో ఇండియన్ అన్న గడి ఉంది కానీ, ఈ సంగతికి గడి లేదు. మత్తు డాక్టరుకి మనమే నోరు తెరిచి చెప్పాలి. మా ఆయన విసుగొచ్చి వదిలేసి వచ్చిన ఆ కులం ప్రశ్న ఇలా తిరిగొచ్చి పనికొస్తుందని ఎవరనుకున్నారు?

గుంటూరు పిల్లకి పాపాయి పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. షుగరు కానుపుతోనే తగ్గిపోయింది. "ఇంక నాకేం లేదుగా ఆంటీ" అంటూ మిఠాయి డబ్బా తెచ్చింది. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకో తల్లీ, ఒకసారి వచ్చి పోయినది మళ్లీ తలుపు కొట్టొచ్చు అన్నాను. డబ్బా మాత్రం తీసుకున్నాను.

నేను చెప్పిందంతా మా చెల్లి మనసులో పెట్టుకున్నట్టుంది. పోయిన ఆదివారం ఫోను చేసింది. వాళ్ల డ్వాక్రా సంఘం ఆడవాళ్లని పది మందిని వరసగా నిలబెట్టి టైలరు టేపుతో నడుములు కొలిచిందట. ఒకామె నవ్వాపుకోలేక ఊపిరి బిగబట్టిందనీ, ఇంకొకామె కొంగు తియ్యనందనీ ఒకటే నవ్వు. "ముప్పై ఒకటిన్నర దాటినవాళ్లు ఎంతమందే?" అన్నాను.

"ఏడుగురు. నాది ముప్పై మూడు" అంది. కాసేపాగి, "అందరివీ అడుగుతున్నావు గానీ, నీదెంతో ఎప్పుడూ చెప్పవేంటక్కా?" అంది.

మెడలో టేపు వేలాడుతూనే ఉంది. 22 ఏళ్లుగా వేలాడుతోంది. ఫోను పక్కనపెట్టి, ఊపిరి వదిలి, చుట్టుకున్నాను.

"ముప్పై ఆరు" అన్నాను.

"అమ్మో" అంది చెల్లి.